'సన్‌రైజ్' చిత్రం - క్షమ సమస్య

ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ 1927లో తీసిన 'సన్‌రైజ్' అనే మూకీ చిత్రాన్ని ఇటీవల మా కళాశాలలో ఒక సాయంత్రం విద్యార్థులమూ అధ్యాపకులమూ కలిసి చూశాము. చూసిన తర్వాత గంటకు పైగా వాదించుకొన్నాము. వాదం ఛాయాగ్రహణం గురించి కాదు, నటన గురించీ కాదు. తనను చంపటానికి సిద్ధపడిన భర్తను భార్య క్షమించవచ్చునా, క్షమిస్తే దానిని చూసి మనం కన్నీళ్ళు పెట్టుకోవటం న్యాయమేనా అన్నదే వాదమంతా.

చిత్రం చూడనివారి కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. సరస్సు ఒడ్డున ఒక పల్లె. అక్కడి రైతు, భార్యనూ పసిబిడ్డనూ ఇంట్లో పెట్టుకొని, పట్నం నుంచి వచ్చిన ఒక స్త్రీ మోజులో పడతాడు. పెళ్ళాన్ని పడవలో తీసుకుపోయి ముంచెయ్యి, పొలం అమ్ముకొని నాతో వచ్చెయ్యి అంటుంది ఆమె. పడవ మునిగాక తాను తేలి బయటపడటానికి జమ్ము మోపు ఒకటి పడవలో దాచుకొంటాడతడు. నడి నీళ్ళలో లేచి భార్య మీదికి వస్తాడు. ఆమె చేతులు జోడిస్తుంది. అతని చెయ్యి ఆడదు. ఒడ్డు తగలగానే ఆమె పరుగెత్తి ట్రాం ఎక్కుతుంది. అతడూ వెంటబడి ఎక్కుతాడు. పట్నంలో వాళ్ళిద్దరూ తిరిగి ఒకటవుతారు. రాత్రి తిరుగు ప్రయాణంలో తుపాను వస్తే అదే జమ్ము మోపును ఆమెకు కడతాడు.

దీనికి పండితుల మెప్పుకు కొదవలేదు. 1929లో తొలి అకాడమీ బహుమతులిచ్చినప్పుడు దీనికి కళావిశిష్టతకు ప్రత్యేక బహుమతి వచ్చింది. 1958లో ఫ్రెంచి పత్రిక 'కయే ద్యు సినిమా' దీనిని సినిమాలన్నిటిలోకీ ఉత్తమమన్నది. మా హాలులోని మెప్పు మాత్రం ఇంత ఏకగ్రీవంగా లేదు. పేర్లు కూడా లేని మనుషులు, ఇది కథ కాదు, పాట, పాటను న్యాయస్థానంలో నిలబెట్టకండి అన్నారు ఒక పెద్ద అధ్యాపకులు. పల్లె పవిత్రం, పట్నం పాపిష్ఠిది అని చెప్పే అభివృద్ధి నిరోధక చిత్రమని ఒక విద్యార్థి తేల్చేశాడు. ఆ తీర్పు తొందరపాటని నా ఉద్దేశం. వాళ్ళను కలిపింది ఆ పట్నమే కదా. వాళ్ళకు ఫోటో తీసిందీ, నాట్యం చేయించి చప్పట్లు కొట్టిందీ పట్నమే. ఇక అప్పులవాళ్ళు వచ్చి ఆవును తోలుకుపోయింది పల్లెలో.

ఆఖరున బి.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, పడవలో జమ్ము దాచింది భార్య అయివుంటే, భర్త చర్చిలో ఆమెను క్షమించేవాడా? క్షమిస్తే మనం చూసేవాళ్ళమా?" అన్నది. కొందరు నవ్వారు. నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటిదాకా నేను ఆ క్షమను సమర్థిస్తూ మాట్లాడినవాణ్ణి.

క్షమించే అధికారం గాయపడినవారిదే. ఈ మాట అందరూ ఒప్పుకొంటారు. కాని అధికారం అన్నప్పుడు క్షమించకుండా ఉండగలగటం కూడా అందులో భాగమే కదా! భాగవతంలో ద్రౌపది అశ్వత్థామను విడిచిపెట్టమన్న ఘట్టం ఏటేటా పాఠం చెబుతున్నాను. ఆమె కొడుకులను నిద్రలో చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ఆమె ఎదుట పడేశాడు. చంపవలసిందేనని భీముడు మండిపడుతున్నాడు. ఆమె ఒక్క మాటంటే వాడి తల తెగుతుంది. ఆ మాట అనకుండా, నాలాగా వీడి తల్లి ఏడవగూడదు అన్నది గనుక అది క్షమ. 'సన్‌రైజ్'లోని ఇల్లాలికి ఏమున్నది? బిడ్డ అవతలి ఒడ్డున ఉన్నది. పడవ భర్తది. పట్నంలో ఎరిగిన ముఖం ఒక్కటి లేదు. క్షమించనంటే ఆ రాత్రి ఎక్కడ పడుకొంటుంది?

మూర్నౌకు ఈ సంగతి తెలియదని అనను. తెలుసు గనుకనే ట్రాంలో అంత సేపు ఆమెను నోరెత్తకుండా కూర్చోబెట్టాడు. కిటికీలో చెట్లూ నీళ్ళూ పోతుంటాయి. భయపడవద్దని అతడు బతిమాలుకొంటాడు. తనకు భయం కలిగించిన మనిషే ఆ మాట చెబితే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఫలహారశాలలో అతడు పెట్టింది ఒక ముక్క కొరికి భోరున ఏడుస్తుంది. జానెట్ గేనర్ అక్కడ చేసింది నటన అనిపించదు. ఆ పది నిమిషాలలో ప్రేక్షకుడు ఎవరినీ క్షమించలేడు. ఆమెతోపాటు బిక్కచచ్చి కూర్చోవలసిందే.

చర్చిలో అతడు ఆమె ఒళ్ళో తల పెట్టుకొని ఏడ్చిన తర్వాత చిత్రం మనకు ఒక వెసులుబాటు ఇస్తుంది. తప్పంతా పట్నం మనిషి నెత్తిన పెట్టి తేలికగా ఊపిరి పీల్చుకొనే వెసులుబాటు అది. ఈ చిత్రానికి మూలం హెర్మన్ సూడర్‌మన్ రాసిన 'టిల్సిట్‌కు ప్రయాణం' అనే జర్మన్ కథ. అందులో ఆ రెండవ స్త్రీ ఇంటి పనిమనిషి. భార్య బతుకుతుంది, భర్త నీళ్ళలో పోతాడు. సినిమాలో భర్త బతికాడు. దోషం మాత్రం ఊరి బయటినుంచి వచ్చినదానికి అంటుకొన్నది. 1939లో ఫైట్ హర్లన్ అదే కథను మళ్ళీ తీస్తూ ఆ స్త్రీని పోలండు మనిషిని చేశాడు. జర్మనీ పోలండు మీద పడ్డ సంవత్సరం అది! పరాయి ఆడది ఎవరన్నది కాలాన్నిబట్టీ అవసరాన్నిబట్టీ మారుతూ వచ్చింది. పడవ నడిపిన చేతులు ఎవరివన్నది మాత్రం ఒక్కసారీ మారలేదు.

ఆ చేతులను చూడండి. హత్య మాట విన్న వెంటనే పట్నం స్త్రీ గొంతు పట్టుకొన్న చేతులు అవి. మరుక్షణం ఆమెనే కౌగలించుకొన్నాయి. క్షురకుని దుకాణంలో ఎవడో భార్యతో సరసమాడబోతే చాకు తీశాయి. చివర, భార్య మునిగిపోయిందనుకొని, మళ్ళీ ఆ పట్నం స్త్రీ గొంతు నులిమాయి. భార్య బతికిందన్న కేక వినబడకపోతే ఆమె చచ్చేదే. అక్కడ మా హాలులో ఎవరో ఈల వేశారు. పడవలో ఊపిరి బిగబట్టినవాళ్ళం ఇక్కడ ఈల వేస్తున్నాము. ఆ ఈల నా విద్యార్థులలో ఎవరిదో నాకు తెలుసు. ఆ పూట చిత్రం చాలా బాగున్నదని మొదట అన్నది నేనే గనుక అతణ్ణి ఏమీ అనలేదు.

మరునాడు ఆ అమ్మాయి మళ్ళీ కనబడింది. చివరి దృశ్యంలో పొద్దు పొడుస్తుంటే మంచం మీద భార్య కళ్ళు తెరుస్తుంది కదా, అతణ్ణి గుర్తుపట్టటానికి ఒక్క క్షణం ముందు ఆమె ముఖం చూశారా అని అడిగింది. చూడలేదన్నాను. ఆ ముక్క మరొకసారి వెయ్యమన్నది. వచ్చే శనివారం వేస్తున్నాము.