పొరుగు ఎంత దూరం?

లూకా సువార్త పదో అధ్యాయంలో ఒక ధర్మశాస్త్ర పండితుడు పొరుగువాడంటే ఎవరని ఏసును అడుగుతాడు. ఏసు నిర్వచనం చెప్పడు, ఒక దారి కథ చెబుతాడు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే బాటలో దొంగల చేతిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషి, చూసి పక్కకు తప్పుకుపోయిన యాజకుడూ లేవీయుడూ, ఆగి గాయాలకు కట్టుకట్టిన సమరయుడు. ఈ కథను మనం ఎప్పుడూ మనసు గురించిన కథగానే వింటాం. ఎవరి గుండెలో దయ ఉంది, ఎవరి గుండెలో లేదు అన్నదే చూస్తాం. కథలో ఇంకో సంగతి ఉంది. ఆ ముగ్గురికీ పడి ఉన్న మనిషి కంటపడ్డాడు. దారి అంత దగ్గరిది, ప్రయాణం అంత నిదానమైనది. తప్పుకుపోయినవాడు కూడా తెలిసే తప్పుకున్నాడు. గంటకు 70 మైళ్ల వేగంతో కార్లు దూసుకుపోయే రోడ్డు మీద ఈ కథ జరగదు, అక్కడ దయ ఉన్నవాడూ లేనివాడూ ఒకేలా వెళ్లిపోతారు. అమెరికా మహానగరాల్లో నడకకు వీలు ఎంత, దానివల్ల బతుకు ఎంత మెరుగు అనే చర్చ సాధారణంగా ఆరోగ్యం, ఇంటి ధర, పెట్రోలు ఖర్చు దగ్గర ఆగిపోతుంది. దాని అడుగున ఒక ధర్మప్రశ్న ఉంది. మంచితనం మనిషి లోపల ఉంటే చాలా, అది బయటికి రావడానికి ఒక వీధీ ఒక వేగమూ కూడా కావాలా? కావాలనే నా వాదన.

ఈ ప్రశ్నను జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా సూటిగా పరీక్షించారు. 1973లో అచ్చయిన వారి ప్రయోగంలో పాల్గొన్నది ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీలో చదువుకుంటున్న 40 మంది, అంటే దైవసేవకు చదువుకుంటున్నవాళ్లు. కొందరిని ఈ సమరయుడి కథ మీదే మాట్లాడమన్నారు, మిగతావాళ్లను ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. అందుకోసం పక్క భవనానికి వెళ్లాలి. దారిలో ఒక గుమ్మం దగ్గర తల వాల్చి కూలబడి, దగ్గుతూ మూలుగుతున్న మనిషిని ఉంచారు. ఇంకా సమయం ఉందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక సాయం చేశారు. ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్లండి అన్నవాళ్లలో చేసింది 10 శాతం. మాట్లాడబోయేది సమరయుడి గురించా, ఉద్యోగాల గురించా అన్నది చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. నలభై మందితో చేసిన చిన్న ప్రయోగమే, దాని మీద సిద్ధాంత సౌధాలు కట్టనక్కరలేదు. కానీ అది చూపించే దిక్కు స్పష్టంగా ఉంది. తొందర పెరిగేకొద్దీ కరుణ తగ్గుతుంది, చదువుకున్న శాస్త్రం కూడా దాన్ని ఆపలేదు. మనుషులను రోజంతా తొందరలోనూ, అద్దాల వెనకా ఉంచే నగరం వాళ్ల ధర్మబుద్ధిని కూడా తరుగుతోందని అనుమానించడానికి ఇది చాలు.

అమెరికా నగరాలు పుట్టుకతో ఇలా లేవు. 1926లో క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్‌ను, అంటే ఏ స్థలంలో ఏం కట్టాలో చట్టంతో విభజించే పద్ధతిని, సమర్థించింది. ఇళ్ల మధ్య అపార్టుమెంట్లను పరాన్నజీవితో పోల్చిన తీర్పు అది. ఇళ్లు ఒకచోట, అంగళ్లు ఒకచోట, పని ఇంకోచోట అనే పద్ధతికి దాంతో దేశమంతటా చట్టబలం వచ్చింది. అదే కాలంలో వీధి దాటే మనిషిని తప్పుచేసినవాడిగా చూసే నిబంధనలు నగరం తర్వాత నగరం తెచ్చుకుంది. 1956 రహదారుల చట్టం అంతర్రాష్ట్ర రోడ్ల ఖర్చులో 90 శాతం కేంద్రం నెత్తిన పెట్టి పని పూర్తి చేసింది. ఫలితం ఈనాటి అంకెల్లో కనిపిస్తుంది. నూటికి మార్కులు వేసే వాక్ స్కోర్ లెక్కలో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో 90కి దగ్గరగా ఉంటే హ్యూస్టన్, డల్లాస్ 50 దాటవు, షార్లెట్ 30 కూడా అందుకోదు. 2009లో దేశంలో వాహనాల కింద పడి చనిపోయిన పాదచారులు 4,109 మంది. 2022 నాటికి ఆ సంఖ్య 7,500 దాటింది.

ఈ తేడా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో షికాగోలో 1995 జూలై చూపించింది. 13వ తేదీన ఎండ 106 డిగ్రీల ఫారన్‌హీట్ తాకింది. ఆ వడగాడ్పులో మామూలు లెక్క కంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. చాలామంది ముసలివాళ్లు, ఒంటరివాళ్లు, తలుపులూ కిటికీలూ బిగించుకున్న గదుల్లో దొరికారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ మరణాలను పేటల వారీగా పరిశీలించి 2002లో పుస్తకం రాశాడు. అందులో పక్కపక్కనే ఉన్న రెండు పేటల కథ ఉంది. ఉత్తర లాండేల్, దక్షిణ లాండేల్. ఒంటరిగా బతికే పేద వృద్ధుల నిష్పత్తి రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. ఎండ ఒకటే. మరణాల రేటు మాత్రం ఉత్తరాన దాదాపు పదిరెట్లు. ఉత్తరాన కర్మాగారాలు మూతబడి, జనం వెళ్లిపోయి, ఇళ్లు కూలి, ఖాళీ స్థలాల్లో గడ్డి మొలిచింది. అంగడికి వెళ్లాలంటే నిర్మానుష్యమైన వీధులు దాటాలి, భయం. అందుకే ముసలివాళ్లు గడప దాటలేదు. దక్షిణాన 26వ వీధి ఉంది. రొట్టెల దుకాణాలు, బట్టల కొట్లు, కాలిబాట మీద బళ్లు, రోజంతా జనం. ఇంట్లో ఉక్క భరించలేని అవ్వ నాలుగడుగులు వేస్తే చల్లటి కొట్లో కాసేపు నిలబడవచ్చు. రోజూ వచ్చే మనిషి రాకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడి జనం ఉత్తర లాండేల్ వారి కంటే పుణ్యాత్ములని ఎవరూ అనలేరు. వాళ్ల వీధి మాత్రం వాళ్లను ఒకరి కంట ఒకరిని పడనిచ్చింది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఉంది. దక్షిణ లాండేల్‌లో ఉన్నది మెక్సికన్ కుటుంబాలు, వాళ్ల చర్చి, వాళ్ల బంధుత్వాలు, కాబట్టి కాపాడింది సంస్కృతి, వీధి కాదు అంటారు. బంధుత్వం బలమైనదే. కానీ ఉత్తర లాండేల్‌లో చర్చిలు లేకపోలేదు, నల్లజాతి కుటుంబాలకు బంధుత్వం తక్కువేమీ కాదు. వర్ణవివక్ష తోడై పనులూ పెట్టుబడీ తరలిపోయిన పేటలో ఆ బంధుత్వం నిలబడటానికి చోటు మిగల్లేదు. సంస్కృతి కూడా ఎక్కడో ఒకచోట కాలు మోపి నిలబడాలి కదా.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. రాబర్ట్ లెవీన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో 36 అమెరికా నగరాల్లో అపరిచితులకు సాయం చేసే గుణాన్ని కొలిచాడు. జారిపడ్డ కలం అందించడం, కాలికి దెబ్బ తగిలినవాడికి సాయపడటం, ఇలాంటి చిన్న పనులు. అన్నిటికంటే కింద నిలిచింది న్యూయార్క్, అంటే నడకలో మేటి నగరం. జనసాంద్రత ఎక్కువైనకొద్దీ సాయం తగ్గింది. నా వాదనకు ఇది ఎదురుదెబ్బే, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. ఇది నాకు నేర్పేది ఇంత. కాళ్లతో నడిచినంత మాత్రాన పొరుగు పుట్టదు. ఇసుక వేస్తే రాలని గుంపులో, ఆఫీసు వేళకు పరుగెత్తే నడక, కారులాంటిదే. ప్రిన్స్‌టన్ విద్యార్థులు కూడా నడిచే వెళ్లారు, తొందరే వాళ్లను గుడ్డివాళ్లను చేసింది. కాబట్టి కావలసింది నడక ఒక్కటే కాదు, తిరిగి తిరిగి అదే ముఖం కనిపించే నడక. నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ 1961లో న్యూయార్క్ హడ్సన్ వీధిని వర్ణిస్తూ పట్టించుకున్నది దీన్నే: కొట్టు యజమాని, పిల్లలు, కిటికీలోంచి చూసే పెద్దవాళ్లు, ఒకరి పేరు ఒకరికి తెలియకపోయినా ఒకరి రాకపోకలు ఒకరికి తెలియడం. లెవీన్ కొలిచింది అపరిచితుల మధ్య మర్యాద. షికాగో ముసలివాళ్లను కాపాడింది పరిచయం. నడక నగరం మొదటిదానికి హామీ ఇవ్వలేదు, రెండోదానికి చోటిస్తుంది. కారు నగరంలో ఆ రెండోది వీధిలో దానంతట అది మొలవదు, ఎవరో పూనుకొని సమయం చెప్పుకొని, బండెక్కి వెళ్లి కలవాలి.

మతాచారం ఈ మాటను ఎంత బాగా రుజువు చేస్తుందో యూదుల చరిత్రలో చూడవచ్చు. సబ్బాతు నాడు నిప్పు రాజేయకూడదన్నది వాళ్ల నియమం, ఇంజను నడపడం అందులోకే వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జనం శివార్లకు తరలిపోతుంటే, 1950లో కన్సర్వేటివ్ శాఖ ధర్మసభ ప్రార్థనామందిరానికి వెళ్లడానికి కారు నడపవచ్చని అనుమతించింది. ఉద్దేశం మంచిదే, లేకపోతే జనం మందిరానికి దూరమైపోతారని. ఆర్థొడాక్స్ శాఖ ఒప్పుకోలేదు. దాంతో ఆ శాఖవాళ్లు నేటికీ మందిరానికి నడిచేంత దూరంలోనే ఇల్లు వెతుక్కోవాలి. లాస్ ఏంజెలిస్ కార్లకు పెట్టింది పేరు. అక్కడి పీకో రాబర్ట్‌సన్ పేటలో శనివారం పొద్దున చూడండి. శుభ్రమైన బట్టల్లో కుటుంబాలు పిల్లల బళ్లు తోసుకుంటూ, ఎదురైనవాళ్లను పలకరిస్తూ కాలిబాట మీద వెళ్తుంటాయి. వాళ్ల పేటలన్నీ వాళ్ల నియమం చుట్టూ గుమిగూడాయి. కన్సర్వేటివ్ శాఖలోనే ఎందరో ఆ 1950 తీర్పును తర్వాత ప్రశ్నించారు. బండి మనిషిని దేవుడి దగ్గరికి చేర్చింది, కానీ తోటి భక్తుడి ఇంటికి దూరం చేసింది అన్నది వాళ్ల బాధ. ఆచారం ఇక్కడ పైపై తంతు కాలేదు, కాళ్ల ద్వారా ఒక సమాజాన్ని కట్టింది.

మన ఆలయాలు అమెరికాలో ఈ రెండు దారుల్లోనూ ఉన్నాయి. 1976లో పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్ కొండ మీద వేంకటేశ్వరస్వామి వెలిశాడు. 1977లో న్యూయార్క్ ఫ్లషింగ్‌లో బౌన్ వీధిలో గణపతి ఆలయం తెరిచారు. మొదటిది ఎన్నో రాష్ట్రాల నుంచి భక్తులు కారెక్కి వచ్చే క్షేత్రం, దాని పుణ్యం దానిదే. రెండోది పేటలో గుడి. వినాయక చవితికి రథం ఆ వీధుల్లోకే వస్తుంది. చెప్పుల్లేకుండా రథం లాగే భక్తులను ఆ మతానికి చెందని, ఆ భాష తెలియని పొరుగువాళ్లు గుమ్మాల్లో నిలబడి చూస్తారు. 2022లో ఆ వీధికి గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అనే పేరు కూడా తగిలింది. పేరు పెట్టింది నగరం, ఆ పేరును సహజం చేసింది మాత్రం దశాబ్దాల రాకపోకలు. మన దేశంలో దేవుడిని ఊరేగించడంలోని అర్థం కూడా ఇదే, గుడికి రాలేనివాడి గుమ్మానికి దేవుడే వస్తాడు.

ఇంత చెప్పినా, జనం పెరడున్న ఇల్లూ కారూ తామే కోరుకున్నారు, వాళ్ల స్వేచ్ఛను తప్పుపట్టడానికి మీరెవరు అని అడిగేవాళ్లుంటారు. పెరడు కోరుకోవడం తప్పు కాదు. కానీ వేరేది కట్టడం చట్టవిరుద్ధమైన చోట కోరికను స్వేచ్ఛ అనలేం. జోనింగ్ లేని హ్యూస్టన్‌లో కూడా ప్రతి భవనానికీ ఇన్ని పార్కింగ్ స్థలాలు అనే నిబంధన చాలా కాలంగా ఊరిని సాగదీస్తూ వచ్చింది. అక్కడి కేటీ రహదారి కొన్నిచోట్ల సర్వీసు రోడ్లతో కలిపి 26 లేన్లు. నడక పేటలు ధనికులకే అందుతున్నాయన్న మాట నిజం, కారణం అవి అరుదు కావడం. నడక పేట ధనిక పేటే కానక్కరలేదు, దక్షిణ లాండేల్ పేదపేటే. పైగా ఈ స్వేచ్ఛ స్టీరింగు పట్టగలవాడిది. పిల్లలకు, చూపు మందగించినవాళ్లకు, కారు కొనలేనివాళ్లకు అది లేదు. కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఆరు నెలలుందామని టెక్సస్ శివార్లయిన ఫ్రిస్కోకో కేటీకో వచ్చిన తెలుగు తల్లిదండ్రులకూ లేదు. ఊళ్లో పొద్దున్నే పాల కోసం వెళ్లి పదిమందిని పలకరించి వచ్చే పెద్దాయన అక్కడ సాయంత్రం కారు వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఇంట్లో లోటేమీ ఉండదు.

చివరిగా ఒక మాట ఒప్పుకోవాలి. మన పల్లెలన్నీ నడిచే ఊళ్లే. అయినా అగ్రహారం నుంచి వెలివాడకు వందల ఏళ్లు ఎవరి కాలూ పొరుగువాడిగా కదల్లేదు. 2012లో ఫ్లోరిడాలోని శాన్‌ఫోర్డ్‌లో నడిచి వస్తున్న ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ల నల్లజాతి కుర్రాడిని అనుమానించి కాల్చేశారు. అందరి నడకకూ ఒకే గౌరవం లేనిచోట కాలిబాట న్యాయం చేయదు. న్యాయం చట్టంతోనూ, పోరాటంతోనూ రావాలి. అది వచ్చాక మనుషులు కలుసుకోవడానికి మాత్రం ఒక వీధి ఉండాలి.

అమెరికాలో ఇల్లు చూడబోయే తెలుగువారు బడి రేటింగూ గదుల లెక్కా చూసుకున్నాక, కొనే ముందు ఒక్క పని చేయండి. ఆ గుమ్మం ముందు కారు ఆపి, దిగి, పది నిమిషాలు నడవండి. ఎక్కడికి చేరతారో, దారిలో ఎవరు ఎదురవుతారో చూసి అప్పుడు సంతకం పెట్టండి.