పరాయి మైదానంలో పొరుగువాడు

కప్పు ఫైనలును ఒక్క ఆటతో తేల్చక, ఒకటి వీరి ఊళ్ళో, ఒకటి వారి ఊళ్ళో ఆడించే పద్ధతి ఫుట్‌బాల్‌లో ఉన్నది. 1963లో దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు కోసం బ్రెజిల్‌కు చెందిన సాంతోస్, అర్జెంటీనాకు చెందిన బోకా జూనియర్స్ ఇలాగే తలపడ్డాయి. ఇరుగు పొరుగు దేశాలే గాని, ఆట దగ్గర ఒకరి గెలుపు ఒకరికి గిట్టదు. రియోలో సాంతోస్ 3–2తో గెలిచింది. బ్యూనస్ ఐరిస్‌లో మొదటి గోల్ బోకాదే. అయినా కుటిన్యో, పెలే చెరొక గోల్ వేసి 2–1తో అక్కడా గెలిపించారు.

ఈ ఏర్పాటులో ఒక ఒప్పుకోలు ఉన్నది. ఇంటివాని జనం మధ్య పరాయివానికి ఆట సమానంగా సాగదు. అందుచేత పరాయితనాన్ని ఇద్దరికీ వంతులు వేశారు. ఐరోపా పోటీలలోనైతే, లెక్క సమమైనప్పుడు పరాయి మైదానంలో వేసిన గోలుకే 1965 మొదలు విలువ ఎక్కువ. 2021లో ఆ నియమం తీసివేశారు. వలస వచ్చిన మనబోటి వారికి అది ఉంటేనే బాగుండేదనిపిస్తుంది!

వంతు లేని పరాయి మైదానం మనవారికి 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఎదురైంది. ఆసియా క్రీడల ఫైనలులో ప్రత్యర్థి దక్షిణ కొరియా. ఇజ్రాయేలు, తైవాను జట్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారతీయుడైన సోంధీ గారు తప్పుపట్టారు. ఆ కోపం మన ఆటగాళ్ళమీదికి మళ్ళింది. దాదాపు లక్షమంది జనం మన జాతీయగీతాన్ని సైతం హేళన చేశారు. కోచ్ హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే గనుక ఆయన మనకూ కావలసినవాడే. తలకు కుట్లు వేయించుకొన్న జర్నైల్ సింగ్‌ను ఆయన ముందు వరుసలో ఆడించారు. జర్నైల్ ఒక గోల్, పి.కె. బెనర్జీ ఒక గోల్ వేయగా 2–1తో మనవారు గెలిచారు. మరుసటి సంవత్సరమే రహీమ్ గారు క్యాన్సరుతో కన్నుమూశారు.

ఆ జనసముద్రంలో మనవారి పక్షాన కేకలు వేసినది పాకిస్తాను హాకీ జట్టని మన ఆటగాళ్ళు తరువాత చెప్పుకొన్నారు. అవే క్రీడలలో హాకీ ఫైనలులో మనలను ఓడించినవారు వారే!

పరాయి దేశంలో మాత్రమే పుట్టే ప్రేమ నిజమైన ప్రేమేనా? నాందేడు స్టేషనులో నిజామాబాదు యాస చెవిని పడితే మనం వెనుదిరిగి చూస్తాము, ఏ ఊరని అడుగుతాము. ఊళ్ళో ఉన్నప్పుడు అదే మనిషితో గట్టు తగాదా ఉండి ఉండవచ్చును. 1965లో ఆ రెండు దేశాలు యుద్ధానికి దిగాయి గనుక జకార్తా కేకలు వట్టివేనని వాదించవచ్చు. నాకు అలా తోచదు. ఆ సాయంత్రం వారికి ఒరిగేదేమీ లేదు, వారిని అడిగినవారూ లేరు. అయితే ఆట లాహోరులో జరిగి ఉంటే వారు ఎవరి పక్షాన కేకవేసేవారు? సెలవులకు వెళ్ళినప్పుడు మన గట్టు అవతలివానిని మనం స్టేషనులో లాగానే పలకరిస్తున్నామా?