గసిక ఎవరి చేతిలో ఉన్నది?

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 23:12–14



ఈ వాక్యభాగము మీద ప్రసంగములు అరుదు. యుద్ధమునకు బయలుదేరిన పాళెములో ప్రతివాడు తన ఆయుధములతో పాటు ఒక గసిక, అనగా నేల త్రవ్వే సాధనము, ఉంచుకోవాలి. పాళెము వెలుపలికి వెళ్లి, గుంట త్రవ్వి, తన మలమును తానే కప్పివేయాలి. ఎందుకనగా ఆ పాళెములో దేవుడు సంచరిస్తున్నాడు.

ఒక సంగతి గమనించుదము. దేవుడు గసికను ఒక గోత్రము చేతికి అప్పగించలేదు. యూదావారికి బల్లెము, దానువారికి గసిక అని పంచలేదు. ఎవరి గసిక వారిదే.

మన దేశములో అందరి గసికలను కొన్ని కులముల చేతిలో పెట్టారు. ఒడిశాలోను తమిళనాడులోను పట్టణముల పారిశుధ్య పనికి తెలుగు కుటుంబములు ఎన్నో వలస వెళ్లిన సంగతి మనకు తెలియనిది కాదు.

ఒక పట్టణము తన గసికను తానే పట్టుకున్న విధము చూడండి. అమెరికాలో కాలిఫోర్నియా ఉత్తర తీరమున హంబోల్ట్ అఖాతము ఒడ్డున ఆర్కేటా అను చిన్న ఊరు ఉన్నది. 1970 దశకములో చుట్టుప్రక్కల ఊళ్ల మురుగునంతా గొట్టములతో ఒకేచోటికి చేర్చి శుద్ధిచేసే బహు ఖర్చైన పథకము వచ్చింది. ఆర్కేటా ప్రజలు, అక్కడి విశ్వవిద్యాలయ అధ్యాపకులు వేరొక మార్గము చూపారు. ఊరి పాత చెత్తదిబ్బ ఉన్న తీరమున చిత్తడి నేలలు తయారుచేశారు. 1986 నాటికి ఆ ఏర్పాటు పూర్తయింది. మురుగులోని మడ్డి ముందుగా అడుగున దిగుతుంది. పిమ్మట నీరు చెరువులలో నిలిచి, జమ్ము, తుంగ పెరిగిన మడుగుల గుండా మెల్లగా పారుతుంది. కాడలను అంటిన సూక్ష్మజీవులు మిగిలిన మాలిన్యమును తింటాయి. రోగక్రిములను చంపిన తరువాతనే నీటిని అఖాతములోనికి వదులుతారు. నేడు అక్కడ పక్షులు గుంపులుగా దిగుతాయి, జనులు షికారుకు వస్తారు.

మన తీరపు ఊళ్ల మాట ఏమిటి? సముద్రము దగ్గర ఇసుక నేలలో భూగర్భజలము పైపైనే ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు నిండి పొర్లితే ఆ నీరు పొరుగువాని బావికి చేరుతుంది. తాము త్రాగి మిగిలిన నీటిని కాళ్లతో కలకచేసిన గొఱ్ఱెలను యెహెజ్కేలు 34వ అధ్యాయములో దేవుడు ఊరకే విడువలేదు.

కాబట్టి ప్రియులారా, మన ఇండ్లలోను మందిర ఆవరణములోను రెండు మూడేండ్లకొకసారి ట్యాంకును యంత్రపు బండితో తోడించుదము. ఆ బండి శుద్ధి కేంద్రమునకు వెళ్తున్నదా, కాలువలో కుమ్మరిస్తున్నదా అని అడుగుదము. మనిషిని మాత్రము ట్యాంకులోనికి దింపనియ్యకుందము. అందులోని విషవాయువు క్షణములలో ప్రాణము తీస్తుంది. రక్షణ సాధనములు లేకుండ మనిషిచేత అట్టి పని చేయించుట 2013 చట్టము ప్రకారము నేరము. మురుగు కాలువలలో మరణించినవారి కుటుంబములకు 30 లక్షల రూపాయలు చెల్లించాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినను ఏ సొమ్ము ఒక తండ్రిని తిరిగి తెస్తుంది?

దేవుడు నేడును మన వీధులలో సంచరిస్తున్నాడు. మన గసికను మనమే పట్టుకొనుటకు ఆయన మనకు కృప దయచేయును గాక. ఆమేన్.