రెండు తలుపుల వద్ద ఒకే మాట

విజయవాడ నుండి వచ్చు కృష్ణ కాలువయు, తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు గోదావరి కాలువయు ఏలూరు కడ కలియును. రైళ్లు, లారీలు పెరుగక పూర్వము ధాన్యపు పడవలు ఈ కాలువల మీదనే సాగెడివి. నీటిమట్టము మారు చోట లాకులు కట్టిరి. పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపు మూయుదురు. ముందరి నీటితో మట్టము సమానమైన పిదపనే ముందు తలుపు తెరతురు. రెండు తలుపులను ఒక్కసారి తెరచుట పడవకును చేటు, కాలువకును చేటు.

నేడు ఈ ప్రాంతపు కుటుంబములు దాటుచున్న తలుపులు దేశముల సరిహద్దులు. ఒక ఇంటి కుమారుడు అమెరికా పౌరుడై, సంవత్సరమునకు రెండు మూడు మారులు పది దినముల పని మీద హైదరాబాదు వచ్చి, ఏలూరులోని తలిదండ్రులను చూచిపోవును. పొరుగింటి ఇల్లాలు కువైటులో ఇంటి పనికి పోయి రెండేండ్లకు గాని తిరిగి రాదు. సరిహద్దు కడ ఇరువురికిని ఒకే ప్రశ్న ఎదురగును: నీవెవరు, ఏ పని మీద వచ్చితివి? దీనికి చెప్పు సమాధానము కేవలము కాగితపు వ్యవహారమా, ధర్మవిషయమా అనునది విచారింపదగియున్నది.

ముందు శాసనమేమో తెలిసికొనవలెను. అమెరికా, కెనడా, బ్రిటను వంటి దేశములు తమ పౌరుడు మరియొక దేశమునకును పౌరుడుగా ఉండుటకు అడ్డు చెప్పవు. అమెరికాకును కెనడాకును పౌరుడైనవాడు రెండు చోట్లను వీసా లేకయే పని చేసికొనవచ్చును. భారతదేశము మాత్రము దీనికి అంగీకరింపలేదు. స్వేచ్ఛగా అన్యదేశ పౌరసత్వమును స్వీకరించినవాడు 1955 నాటి పౌరసత్వ చట్టము 9వ సెక్షను ప్రకారము భారత పౌరుడు కాకుండ పోవును. తన భారత పాస్‌పోర్టును అప్పగింపవలెను. 2005లో చట్టమును సవరింపగా, ఓసీఐ పద్ధతి 2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభమైనది. దానిని ద్వంద్వ పౌరసత్వమని పిలుచుట పొరపాటు. ఆ కార్డు గలవాడు జీవితాంతము మాటిమాటికి వీసా కోరకయే వచ్చిపోవచ్చును. కాని అతనికి ఓటు లేదు. సాగుభూమి కొనుటకు వీలు లేదు.

ఇది కఠినమని కొందరందురు. పుట్టిన ఊరిపై మమకారము పాస్‌పోర్టుతో పోవునా అని అడుగుదురు. మమకారము పోదు. అయితే నిర్ణయాధికారమునకు మమకారము చాలదు. కొల్లేటి సరస్సును 5వ కాంటూరు వరకు 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో దానిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వము కొట్టివేయించినది. ఆ నిర్ణయములు మంచివో చెడ్డవో, వాని ఫలితమును అనుభవించినవారు ఆ లంక గ్రామములలో నిలిచియున్నవారే. పదవనాడు విమానమెక్కువాడు సలహా చెప్పవచ్చును, సహాయము చేయవచ్చును. తీర్పు మాత్రము అక్కడ నిలుచువారిదిగా ఉండుట న్యాయము.

అయినను కొందరు అన్యదేశ పౌరులైన తరువాతను పాత భారత పాస్‌పోర్టును పెట్టెలో ఉంచుకొని, చిన్న ప్రయాణములకు దానినే చూపుదురు. కార్డు వచ్చుటకు జాప్యమగును, పని నాలుగు దినములదే, దీనివలన ఎవరికి నష్టమని వారి వాదము. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు, ఏలయనగా పలువురు సజ్జనులే ఇట్లు తలచుచున్నారు. కాని ప్రయాణము చిన్నదైనంత మాత్రమున అసత్యము చిన్నది కాదు. వేములవాడ మాజీ శాసనసభ్యుడు చెన్నమనేని రమేశ్ ఉదంతము దీనికి నిదర్శనము. జర్మను పౌరసత్వము పొందిన ఆయనకు 2009లో తిరిగి భారత పౌరసత్వము లభించినది. దరఖాస్తుకు ముందు 12 నెలలలో చేసిన విదేశ ప్రయాణములను దాచెనని కేంద్ర హోంశాఖ 2017లో దానిని రద్దు చేసినది. తెలంగాణ హైకోర్టు 2024 డిసెంబరులో ఆయన వాదమును త్రోసిపుచ్చి, 30 లక్షల రూపాయలు ఖర్చుల క్రింద చెల్లింపుమన్నది. అంత పెద్ద వ్యాజ్యమునకు మూలము దాచిన రాకపోకలే.

ఇంతకన్న బాధాకరమైన అంశము మరియొకటి కలదు. వ్యాపార సందర్శకుని వీసాపై అమెరికాకు పోయినవాడు సమావేశములలో కూర్చుండవచ్చును, ఒప్పందములు మాట్లాడవచ్చును. అక్కడి ఉద్యోగి చేయవలసిన పని చేయరాదు. అయినను సమావేశమని చెప్పి పోయి ఆ పనియే చేసి వచ్చువారు లేకపోలేదు. అదే విధముగా ఏజెంటు మాట నమ్మి, చూచిపోవుటకని చెప్పి గల్ఫులో పనికి కుదురుకొన్న పేదరాలు కలదు. ఇరువురు పలికినదియు ఒకే అసత్యము. దొరికినచో మొదటివాడు చాలమారులు తిరుగు విమానములో ఇంటికి వచ్చును. రెండవ ఆమె చెరసాల పాలగును, లేదా జీతము అడుగుటకు నోరులేనిదగును. పదవ తరగతి దాటనివారి పాస్‌పోర్టును 1983 నాటి వలసల చట్టము ప్రకారము ప్రత్యేకముగా తనిఖీ చేయుదురు. ఇరువదియేండ్లు చెమటోడ్చినను సామాన్యముగా ఆ దేశముల పౌరసత్వము వారికి దక్కదు. కావున అనాయాసముగా తలుపులు తెరచుకొనువాడు దానిని తన యోగ్యతగా భావింపరాదు. సులభముగా దాటగలవాడే ఎక్కువ నిజాయితీగా దాటవలెను. అతని అబద్ధము వలన పెరుగు అనుమానము చివరకు వరుసలో వెనుక నిలిచిన నిరుపేదపై పడును.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భాండారిగా ఉండి, కాయకమునకు పూజార్హత కలిగించెను. కాయకమునకు శుద్ధి చేయు పనియందే గాక, ఆ పనికి పోవు త్రోవయందును ఉండవలెను. రెండు దేశములు అనుమతించినచో రెండు పాస్‌పోర్టులు గలిగియుండుట దోషము కాదు. రెండు జవాబులు గలిగియుండుట దోషము. సెలవులకు వచ్చిన బిడ్డను ఎంత సంపాదించితివని అడుగు పెద్దలు, సరిహద్దు వద్ద ఏమి చెప్పి వచ్చితివని కూడ అడుగుట మంచిది. ఆ ప్రశ్నకు తడబడక బదులు చెప్పగల బిడ్డ, ఏ దేశపు కాగితము చేత ధరించినను, ఆ ఇంటి గౌరవమును నిలుపును.