కరుణ వినడానికేనా?

ఒక పాట మన కంట నీరు తెప్పించింది. పాట ముగిసిన తరువాత ఆ కన్నీటికి మనం ఏమైనా ఋణపడి ఉంటామా? లేక రసానుభూతితోనే ఆ ఋణం తీరిపోతుందా? కళకూ నీతికీ గల సంబంధాన్ని గురించిన ఈ పురాతన ప్రశ్నను తెలుగువారి ఇళ్ళలో సూటిగా నిలబెట్టిన గీతం 'పుష్పవిలాపం'.

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912–1992) 'ఉదయశ్రీ'లోని ఖండిక అది. పూజకు పూలు కోయబోయిన భక్తుణ్ణి పూలే నిలదీస్తాయి. బుద్ధుడు పుట్టిన నేలపై పుట్టి ఇంత నిర్దయ తగునా అని అడుగుతాయి. భక్తుడు వట్టి చేతులతో దేవుని ముందు నిలుస్తాడు. ఈ పద్యాలకు స్వరం కూర్చి పాడినవారు ఘంటసాల వెంకటేశ్వరరావు (1922–1974). విజయనగరంలో సంగీత విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఇంటింటా మధుకరమెత్తి జీవించిన వ్యక్తి ఆయన. నిమిషానికి 78 సార్లు తిరిగే గ్రామఫోను రికార్డుపై ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కొంచెం మించి పట్టదు. రంగస్థలంపై వినిపించే సుదీర్ఘ రాగాలాపనకు అక్కడ తావు లేదు. ఎంపిక చేసిన పద్యాలు, నడుమ కొద్దిపాటి వచనం, స్పష్టంగా పలికిన ప్రతి అక్షరం. ఆ సంక్షిప్తతే పాటకు బలమైంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులను ఆశ్రయించి ఉత్తరాంధ్ర నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్ చేరి స్థిరపడ్డాయి. అక్కడి రైల్వే క్వార్టర్ల వీధి ఒకదానిని ఊహించుకుందాం. రాత్రి ఈ పాట విని కళ్ళు తుడుచుకున్న ఇల్లాలే తెల్లవారుజామున సజ్జ చేతబట్టి మందారాలు కోస్తుంది. గోడకు ఆవల బెంగాలీ గృహిణి అదే పువ్వును 'జబా' అని పిలుస్తూ కాళీమాత కోసం కోస్తుంది. మన ఇల్లాలి కన్నీరు కపటమా?

నాటకశాలలో కల్పిత దుఃఖానికి విలపించి ఆనందించడంలోని వింతను సంత్ అగస్టీన్ తన ఆత్మకథలో ప్రశ్నించాడు. అక్కడ ప్రేక్షకుణ్ణి ఎవరూ సాయానికి పిలవరు, దుఃఖించడానికే పిలుస్తారని ఆయన గమనించాడు. మన ఆలంకారికులలో అభినవగుప్తుడు దీనికి వేరొక సమాధానం చూపాడు. కావ్యంలోని దుఃఖం నాది, నీది అనే బంధాలను వీడి సాధారణీకరణం పొందుతుంది. అందువల్లనే అది ఆస్వాద్యమవుతుంది. ఈ సమాధానం గంభీరమైనదే, కాని 'పుష్పవిలాపం' ముందు అది చాలదు. సీత దుఃఖానికి శ్రోత కారకుడు కాడు. పువ్వు దుఃఖానికి శ్రోత వ్రేళ్ళే కారణం. ఇక్కడ సహృదయుడే ప్రతివాది.

పువ్వుకు నిజంగా వేదన ఉన్నదా అని అడగవచ్చు. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు మొక్కల స్పందనలను సున్నితమైన యంత్రాలతో కొలిచి చూపారు. స్పందన ఉన్నంత మాత్రాన వేదన ఉన్నట్లు తేలదు. అయితే పాట విచారించేది పువ్వు శరీరధర్మాన్ని కాదు, మన చేతి అలవాటును.

మరొక చిక్కు ఆ రికార్డులోనే దాగి ఉంది. ఆనాటి గ్రామఫోను రికార్డుల తయారీకి ముఖ్యద్రవ్యం లక్క. ఖరగ్‌పూర్‌కు పడమరనున్న పురూలియా, ఛోటానాగపూర్ అడవులలో మోదుగ, కుసుమ చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు తమ చుట్టూ స్రవించుకొనే జిగురు అది. కొమ్మలు నరికి, గీకి, కడిగి, కరిగించి లక్క తీస్తారు. ఆ క్రమంలో లెక్కలేనన్ని పురుగులు నశిస్తాయి. ఆ లక్క కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ కర్మాగారంలో రికార్డుగా రూపొందేది. పువ్వు ప్రాణానికై వేడిన గొంతు పురుగుల ప్రాణాలపై నిలిచి పలికింది.

ఇంతమాత్రాన పాట అసత్యం కాదు. మచ్చలేని చేతులు గలవారే కరుణను గూర్చి పలకాలంటే లోకంలో మౌనమే మిగులుతుంది. కాని హింస తప్పదు గనుక ఎంత హింసైనా ఒకటేననడం మరింత పెద్ద అసత్యం. తప్పనిదానికీ తప్పించగలదానికీ మధ్య గీత గీయడమే వివేకం. పువ్వు రంగుకూ, తావికీ హాని చేయక తేనె గ్రహించే తుమ్మెదను ధమ్మపదం మునికి ఆదర్శంగా చెప్పింది. మధుకరమన్న మాటలో ఉన్నదీ ఆ తుమ్మెదే. మన ఆచారంలోనూ ఇందుకు దారి లేకపోలేదు. పారిజాతాలు నేల రాలినవే ఏరి పూజకు వాడతాం. శరదృతువులో బెంగాలీలు అదే పువ్వును 'షిఉలి' అని పిలుస్తూ అలాగే ఏరుకుంటారు.

సజ్జ పట్టిన చేయి కొమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఈ పువ్వు అవసరమా అని తనను తాను అడిగితే ఆ కన్నీటి ఋణంలో కొంత తీరినట్లే. ఆగిన చేయి పది పూలకు బదులు రెండే కోయవచ్చు, వట్టిదిగానూ తిరిగి రావచ్చు. కోసినా, కోయకపోయినా ఆ క్షణం ఆగడం తెలిసినవాడే ఆ పాటను నిజంగా విన్నవాడు.