మరుపు వస్తే మాట చెల్లదా?

కేన్సరుకు కీమోతెరపీ చేయించుకున్నవారిలో కొందరికి మరో ఇబ్బంది కూడా కలుగుతుంది. తెలిసిన పేరు నోటికి రాదు. చదివిన పేజీనే మళ్ళీ చదవవలసి వస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి పొంగేదాకా గుర్తుండదు. ఒకప్పుడు దీనిని దిగులు వల్ల వచ్చిందని కొట్టిపారేసేవారు. ఇది నిజమైన బాధేనని నేడు వైద్యులు అంగీకరిస్తున్నారు. మందులతోపాటు జబ్బు, రక్తహీనత, నిద్రలేమి, ఆందోళన కూడా ఇందుకు కారణం కావచ్చు. చాలామందికి చికిత్స ముగిశాక క్రమంగా తగ్గుతుంది. కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఒక ఇంట్లో తల్లికి ఈ స్థితి వచ్చిందనుకుందాం. ఆమె మాత్రల వేళలు పిల్లలు చూసుకుంటారు. మంచిదే. కాని కొద్దిరోజులకు డబ్బు సంగతి, పెండ్లి సంగతి, చివరకు ఆమె చికిత్స సంగతి కూడా ఆమెను అడగకుండానే తేల్చేస్తారు. ఇది ప్రేమేనా?

నెమ్మదిగా ఆలోచించడం వేరు, ఆలోచించలేకపోవడం వేరు. పక్కింటివారి పేరు గుర్తుకురాని తల్లికి తన బిడ్డకు ఏది మేలో తెలుసు. తన బాధను ఎంతవరకు ఓర్చుకోవాలో కూడా ఆమెకే తెలుసు.

కనుక ఆమె చేతికి ఒక నోటుపుస్తకం ఇద్దాం. ఒకసారికి ఒక్క విషయమే చెబుదాం. టి.వి. ఆపి మాట్లాడదాం. జవాబు వచ్చేదాకా ఆగుదాం. వేళకు నిద్ర, కొద్దిపాటి నడక మేలు చేస్తాయి. ఇబ్బంది ఎక్కువైతే డాక్టరుతో చెప్పాలి. "ఇందాకే చెప్పాను కదా!" అని విసుక్కోవడం మానుకుందాం. గుర్తుచేయడం మన వంతు, నిర్ణయించడం ఆమె హక్కు.