దానానికి ముందు నీతి



"నేనెవరినీ మోసం చెయ్యలేదు ఫాదర్ గారూ. చట్టప్రకారం నాకొచ్చిన డబ్బే." ఇలాంటి మాట మనలో చాలామందిమి ఎప్పుడో ఒకప్పుడు అన్నవాళ్ళమే. చట్టం తప్పుపట్టని పనిని దేవుడు కూడా తప్పుపట్టడా? చట్టానికి దొరకనివాడే నీతిమంతుడా? ఈ వారం ఆలోచిద్దాము.

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. తోట్లవల్లూరు లంకల్లో పసుపు, కంద, అరటి నీట మునిగాయి. నీరు నిలిస్తే పసుపు దుంప భూమిలోనే కుళ్ళిపోతుంది. విత్తనం, ఎరువు, కూలి, కౌలు అన్నీ ఏటిపాలే. పైరు కౌలుదారుది, పాసుపుస్తకం యజమానిది. 2019లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు పత్రం ఇమ్మన్నది గాని, దానికి యజమాని సంతకం కావాలన్నది. సంతకం పెడితే భూమి హక్కు పోదని చట్టం చెప్పినా, చాలామంది భయపడి పెట్టలేదు. పత్రం లేనిచోట మునిగిన పైరు ఒకరిది, పరిహారం మరొకరిది అయ్యే ప్రమాదముంది.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక విచారణలో, ఒక వరద తరువాత, అలాంటి డబ్బు నా చేతికే వచ్చింది. ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు. ఆదివార పూజ తప్పని ఒక రైతు కవరు తెచ్చి, "పరిహారం పడింది ఫాదర్ గారూ. క్రిస్మసుకు గుడికి సున్నం వేయించండి, ఒక కృతజ్ఞతా పూజ చెప్పండి" అన్నాడు. సంతోషంగా తీసుకుని ఆశీర్వదించాను. పంట ఎవరిదని అడగలేదు.

ఆ మరుసటి ఆదివారం పూజ అయ్యాక ఒక తల్లి వచ్చింది. "అప్పు తీర్చడానికి మా ఆయన బెజవాడ పనికెళ్ళాడండి, ఆయన కోసం ప్రార్థించండి" అన్నది. ఎవరినీ నిందించలేదు. మాటల్లో తెలిసింది, ఆ పొలం కౌలుకు చేసింది వాళ్ళేనని.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివినప్పుడు పునీత థామస్ అక్వినాస్ బోధ నేర్చుకున్నాను. ఎవరికి చెందవలసింది వారికి ఇవ్వాలనే స్థిరమైన సంకల్పమే నీతి. పరీక్షలో ఆ జవాబు బాగానే రాశాను. కవరు చేతికి వచ్చినప్పుడు మరిచిపోయాను. 1965లో రెండవ వాటికన్ మహాసభ కూడా హెచ్చరించింది: న్యాయంగా ఇవ్వవలసిన బాకీని దయతో చేసే దానంగా ఇవ్వరాదు. ఒకరికి చెందిన సొమ్ముతో గుడికి సున్నం వేస్తే, గోడలు తెల్లబడతాయిగాని మనసు తెల్లబడదు.

మరునాడు కవరు పట్టుకుని ఆ రైతు ఇంటికి వెళ్ళాను. పైన చెప్పిన మాట అప్పుడన్నదే. "చట్టప్రకారం మీదే, కాదనను. కుళ్ళిన దుంప ఎవరిది?" అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కోపం కూడా వచ్చింది. కవరు ఆయన ముందు పెట్టి వచ్చేశాను. ఆ క్రిస్మసుకు గుడి గోడలు పాతగానే ఉన్నాయి. పండుగ వెళ్ళిన కొన్నాళ్ళకు ఆ తల్లి భర్త ఊరికి తిరిగివచ్చాడు. వాళ్ళిద్దరి మధ్య ఏం జరిగిందో నేను అడగలేదు.

సువార్త పునీత జోజప్పగారిని నీతిమంతుడంటుంది. మరియమ్మను నలుగురిలో నిలబెట్టే వీలు ఆయనకు ఉన్నది. అయినా ఆయన ఆ వీలును వాడుకోలేదు. చట్టం ఎంతవరకు పుచ్చుకోవచ్చో చెబుతుంది. నీతి, ఇది నిజంగా ఎవరిదని అడుగుతుంది.

ఈ ప్రశ్న పొలం ఉన్నవారికే కాదు. పనిమనిషి జీతం "వచ్చే నెల చూద్దాం" అన్నప్పుడు, కోత కూలీని రెండు మూడుసార్లు తిప్పినప్పుడు, కొట్లో తూకం కాస్త తగ్గినప్పుడు, మా గురువులం ఉపదేశి జీతం ఆలస్యం చేసినప్పుడు, ఇదే ప్రశ్న. సహోదరునికి మనపై ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుకను బలిపీఠం ముందే విడిచి, ముందు వెళ్ళి సమాధానపడమన్నారు ప్రభువు. వచ్చే ఆదివారం కానుకల వేళ చేయి జేబులోకి వెళ్ళేముందు, ఇది ఎవరిదని ఒక్కసారి అడుగుదాము. నేనూ అడుగుతాను.

ఆ ధైర్యాన్ని ప్రభువు మనకు అనుగ్రహించును గాక.